గ్రీన్ టీ పొట్లం కంటే ముందు మూత్రం పరీక్ష

(మా విలేకరి)

బండి ఆత్మకూరు: ఒకప్పుడు మన పల్లెల్లో టీ అంటే బస్సులు ఆగే చోట హోటల్లో పాలు, చక్కెర దండిగా వేసి మరిగించిన టీ ఒక్కటే. ఇప్పుడు మన మండలంలో కిరాణా అంగళ్ళలో కూడా గ్రీన్ టీ పెట్టెలు కనిపిస్తున్నాయి. పట్నంలో చదువుకొని వచ్చిన కుర్రకారు కొంటున్నారంటే అర్థం ఉన్నది. కాని పంచె కట్టిన రైతులు, కూలికి పోయే ఆడవాళ్ళు కూడా కొంటున్నారు. ఎందుకని అడిగితే "షుగర్ ఉంది గదా, కిడ్నీలు చెడిపోకుండా" అని జవాబు వస్తున్నది. ఎవరు చెప్పారంటే సెల్‌ఫోన్ చూపిస్తున్నారు.

ఈ మాటలో నిజమెంత, గాలి ఎంత అన్నది విచారించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. ఆకు పొట్లానికి పెట్టే డబ్బు పోతే పోయింది. దాన్ని నమ్ముకొని మాత్రలు మానివేస్తే పోయేది మూత్రపిండాలు. ఈ సంగతి ఇతరుల ఇంట్లో చూసి రాస్తున్నది కాదు. మా ఇంటిలోనే జరిగింది.

మా మామ చెప్పిన మాట

మా మేనమామకు కె.సి. కాలువ కింద మూడెకరాల మాగాణి. పదకొండేళ్ళుగా చక్కెర జబ్బు. నాలుగేళ్ళ కిందట రక్తపోటు కూడా ఉందని చెప్పి డాక్టరు రోజుకు ఒక మాత్ర రాసిచ్చారు. పోయిన ఏడాది వరినాట్ల కాలంలో నేను పోయినప్పుడు మా అత్త నాకు పాల టీ ఇచ్చి, ఆయనకు గ్లాసులో పచ్చగా ఉన్న నీళ్ళు ఇచ్చింది.

"ఇదేంది మామా?" అన్నాను.

"గ్రీన్ టీ అబ్బీ. ఇది తాగితే కిడ్నీలు కడిగినట్టయితాయంట. ఫోన్లో ఒకాయన బాగా చెప్పినాడు."

"బీపీ మాత్ర వేసుకుంటున్నావా?"

"దాని పనేముంది ఇంక? ఆర్నెల్లాయ నిలిపేసి. మందులు ఎక్కువైతేనే కిడ్నీలు పోతాయంట గదా!"

అప్పటికి ఆయనకు ఏ నొప్పీ లేదు. పొలానికి పోతున్నాడు, వస్తున్నాడు. అందుకే నేను కూడా గట్టిగా చెప్పలేదు. ఇది నా తప్పు. మూడు నెలలు తిరిగేసరికి సాయంత్రానికి కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. వేలితో అదిమితే గుంట పడి నిలిచిపోయేది. మూత్రంలో సబ్బు నురుగు వంటి నురుగు వస్తున్నదని మా అత్త నాతో చాటుగా చెప్పింది. నంద్యాలకు తీసుకుపోయి చూపిస్తే, మూత్రంలో ఆల్బుమిన్ చాలా ఎక్కువగా పోతున్నదని, రక్తంలో క్రియాటినిన్ 1.9 ఉన్నదని తేలింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది సుమారు 1.2 దాటదు. "పోయినది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం" అని డాక్టరు అన్నారు. తిరుగు బస్సులో మా మామ మాట్లాడలేదు. ఊరి దగ్గరికి వచ్చాక మాత్రం ఒక్క మాట అన్నాడు: "నొప్పి వచ్చింటే నేనే చూపించుకునే వాణ్ణి గదబ్బీ."

ఆ ఒక్క మాటలోనే ఈ జబ్బు మోసం అంతా ఉన్నది.

జల్లెడకు కన్నం పడితే

మూత్రపిండం ఒక జల్లెడ వంటిది. ఒక్కొక్క పిండంలో సుమారు పది లక్షల సన్నని వడపోత గొట్టాలు ఉంటాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల నీరు ఈ జల్లెడల గుండా వడగట్టబడి, అందులో ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పోతుంది. మిగిలినదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. ఒంటికి కావలసిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఈ జల్లెడ దాటి పోరాదు. బియ్యం జల్లించినప్పుడు తవుడు కిందికి పోయి బియ్యం పైన నిలవాలి గదా, అటువంటిదే.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఈ జల్లెడ దెబ్బతింటుంది. దానికి రక్తపోటు తోడైతే, తూము తట్టుకోలేనంత నీరు కాలువలోకి వదిలినట్టే. కన్నాలు పెద్దవవుతాయి. మొదట కొద్దికొద్దిగా ఆల్బుమిన్ కారుతుంది. తరువాత ఎక్కువగా కారుతుంది. ఆఖరుకు జల్లెడలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. చక్కెర జబ్బు ఉన్న ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురికి ఏదో ఒక నాటికి ఈ దెబ్బ తగులుతుందని వైద్యులు చెబుతారు.

కీలకమైన విషయం ఏమిటంటే, ఈ కారడం మొదలైన నాటి నుంచి కాళ్ళు వాచే నాటి వరకు చాలా ఏళ్ళు గడుస్తాయి. ఆ ఏళ్ళలో నొప్పి ఉండదు, నీరసం ఉండదు, మూత్రం రంగు మారదు. పట్టుకోగలిగిన కాలమంతా కనిపించకుండా పోతుంది. కనిపించే నాటికి పట్టుకోగలిగినది తక్కువ మిగులుతుంది. దానిని ముందుగా చూపించేది మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఒక్కటే. మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపల ఉంటే భయం లేదు. 30 నుంచి 300 వరకు ఉంటే కారడం మొదలైనట్టు. 300 దాటితే గట్టిగా దెబ్బతిన్నట్టు.

మరి గ్రీన్ టీ సంగతి?

గ్రీన్ టీ పేరు చెప్పగానే కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. ఆకు ఒకటే, చెట్టు ఒకటే. అస్సాంలో, నీలగిరుల్లో పండే అదే తేయాకును వాడబెట్టి, నలిపి, గాలికి నల్లబడనిస్తే మనం తాగే మామూలు టీ పొడి అవుతుంది. కోసిన వెంటనే ఆవిరి మీదనో పెనం మీదనో వేడి చేసి నల్లబడకుండా ఆపితే గ్రీన్ టీ అవుతుంది. అందువలన అందులో కాటెచిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువగా మిగులుతాయి. కిడ్నీలకు మంచిదంటున్నది ఆ పదార్థాలనే.

దీనిపై నిజమైన పరీక్ష కూడా జరిగింది. బ్రెజిల్ దేశంలో క్యాంపినాస్ విశ్వవిద్యాలయం వైద్యులు చక్కెర జబ్బు వలన మూత్రంలో ఆల్బుమిన్ ఎక్కువగా పోతున్న 42 మందిని తీసుకొని పన్నెండు వారాలు పరిశీలించారు. ఫలితాలను 2016లో ప్రకటించారు. సగం మందికి గ్రీన్ టీ సారం, సగం మందికి అటువంటిదే ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. గ్రీన్ టీ సారం తీసుకున్నవారిలో ఆల్బుమిన్ పోవడం 41 శాతం తగ్గింది. రెండవ వర్గంలో 2 శాతం పెరిగింది.

మన రైతులకు ఈ పద్ధతి కొత్త కాదు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో కొత్త వరి వంగడాన్ని పరీక్షించేటప్పుడు పక్కనే పాత వంగడాన్ని కూడా వేసి రెండింటినీ పోల్చి చూస్తారు. ఒక్క మడిలో పంట బాగా వచ్చినంత మాత్రాన విత్తనం గొప్పదని చెప్పరు. ఆ ఏడు వానలు బాగా పడి ఉండవచ్చు గదా. మనుషుల మీద పరీక్ష కూడా అంతే. ఆ లెక్కన బ్రెజిల్ వారు చేసినది పద్ధతి ప్రకారం చేసిన పని. దానిని కాదనవలసిన పని లేదు.

అయితే ఫోన్లో మాట్లాడే పెద్దమనుషులు ఈ పరీక్షలో నాలుగు సంగతులు మింగేస్తున్నారు.

మొదటిది: ఆ 42 మందీ అప్పటికే మూత్రపిండాలను కాపాడే రక్తపోటు మాత్రలు పూర్తి మోతాదులో వేసుకుంటున్నవారే. ఆ మాత్రల మీద అదనంగా ఈ సారం ఇచ్చారు. మాత్రలు మాన్పించి ఇవ్వలేదు. మా మామ చేసినది సరిగ్గా దీనికి ఎదురు.

రెండవది: వారు ఇచ్చినది గ్లాసులో టీ కాదు. ముఖ్యమైన కాటెచిన్ రోజుకు 800 మిల్లీగ్రాములు ఉండేటట్టు కొలిచి ఇచ్చిన సారం. ఒక కప్పు గ్రీన్ టీలో అది సుమారు 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఎనిమిది నుంచి పదహారు కప్పులు తాగితేగాని ఆ లెక్క రాదు. పొద్దున ఒకటి, మాపు ఒకటి తాగి "కిడ్నీలు కడిగాం" అనుకోవడం, ఎకరాకు బస్తా ఎరువు వేయవలసిన చోట చారెడు చల్లి పంట కోసం చూసినట్టు ఉంటుంది.

మూడవది: పోనీ ఆ సారమే గోలీల రూపంలో కొని మింగుదామా అంటే, అక్కడ ఇంకొక ప్రమాదం ఉన్నది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో ఈ సంగతి పరిశీలించి, గోలీల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని తీసుకున్న కొందరిలో కాలేయానికి దెబ్బ తగిలే సూచనలు కనిపించాయని హెచ్చరించింది. మామూలుగా కాచుకొని తాగే గ్రీన్ టీకి ఈ భయం సాధారణంగా లేదు. గోలీలతోనూ పొడులతోనూ జాగ్రత్తగా ఉండాలి. కిడ్నీ కోసం పోయి కాలేయం పోగొట్టుకోవడం ఏమి తెలివి?

నాలుగవది: పన్నెండు వారాల్లో ఆల్బుమిన్ తగ్గిందా లేదా అన్నది తెలుస్తుంది. అయిదేళ్ళ తరువాత ఆ మనిషి డయాలసిస్‌కు పోకుండా ఉన్నాడా అన్నది పన్నెండు వారాల్లో తేలే విషయం కాదు. 42 మందితో తేలే విషయం అసలే కాదు.

జపాన్‌లోని ఫుకువోకాలో 4,923 మంది చక్కెర రోగులను అయిదేళ్ళకు పైగా గమనించి, గ్రీన్ టీ, కాఫీ తాగేవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2020లో ప్రకటించారు. ఇది కూడా ఫోన్లలో తిరుగుతున్నది. కాని అది గమనించి రాసిన లెక్క, పక్క పక్క మడులు వేసి చూసిన లెక్క కాదు. టీ తాగేవారు నడక, తిండి, వైద్యం విషయంలో కూడా శ్రద్ధగలవారై ఉండవచ్చు. మేలు ఆకుదా, శ్రద్ధదా అని అందులో విడదీసి చెప్పడం కష్టం.

రుజువైన మందు చౌకగానే ఉన్నది

ఇప్పుడు రెండవ పక్క చూడండి. లోసార్టాన్ అనే రక్తపోటు మాత్రను చక్కెర జబ్బు వలన మూత్రపిండాలు దెబ్బతిన్న 1,513 మందిపై మూడేళ్ళకు పైగా పరీక్షించారు. ఫలితాలు 2001లోనే వచ్చాయి. మూత్రపిండాలు పూర్తిగా పోయే ప్రమాదం ఆ మాత్ర వలన 28 శాతం తగ్గింది. ఆ తరువాత డాపాగ్లిఫ్లోజిన్ అనే మందును 4,304 మంది మూత్రపిండాల రోగులపై చూశారు. వారిలో మూడింట రెండు వంతుల మంది చక్కెర జబ్బు ఉన్నవారు. 2020లో ప్రకటించిన ఆ ఫలితాల్లో జబ్బు ముదరడం, పిండాలు పూర్తిగా పోవడం, ఆ కారణంగా గాని గుండెజబ్బుతో గాని మరణించడం, అన్నీ కలిపి చూస్తే 39 శాతం తగ్గుదల కనిపించింది.

ఒక పక్క 42 మంది, పన్నెండు వారాలు. ఇంకొక పక్క వేల మంది, ఏళ్ళ తరబడి. ఏ గట్టు మీద నిలబడాలో రైతుకు వేరే చెప్పవలసిన పని లేదు.

పైగా ఇవి దొరకని మందులు కావు. రక్తపోటుకు, చక్కెరకు అవసరమైన మామూలు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. డాపాగ్లిఫ్లోజిన్‌పై పేటెంటు 2020లో ముగిసిన తరువాత అనేక కంపెనీలు తయారు చేయడంతో దాని ధర బాగా దిగింది. మా మామ నెలకు గ్రీన్ టీ పెట్టెలకు పెట్టిన ఖర్చు, ఆయన మానేసిన మాత్రకు అయ్యే ఖర్చు కంటే ఎక్కువ. ఇది నేను ఆయన ఎదుటనే లెక్క వేసి చూపించాను.

అయితే ఒక హెచ్చరిక. ఈ మందుల పేర్లు పత్రికలో చూసి అంగడికి పోయి కొని వేసుకోరాదు. కొందరిలో లోసార్టాన్ రక్తంలో పొటాషియంను పెంచవచ్చు. మొదలుపెట్టిన కొత్తలో రక్తపరీక్ష చేయించి చూడవలసి ఉంటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కొన్నింటిని తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. డాక్టరు చెప్పినదానిని మానవలసి వస్తే అది కూడా డాక్టరే చెప్పాలి.

"మందులు ఎక్కువైతే కిడ్నీలు పోతాయి" అన్న మాట మన ఊళ్ళలో వేదవాక్కు అయింది. అందులో నిజం పాలు కూడా ఉన్నది, అదే చిక్కు. నాట్ల కాలంలోనూ, కోతల కాలంలోనూ నడుము నొప్పికి, కీళ్ళ నొప్పికి సూది వేయించుకోవడం, నొప్పి గోలీలు రోజూ మింగడం మనకు అలవాటు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలకు హాని చేస్తాయి. ఏ చెట్టు ఆకో, ఏ భస్మమో తెలియని పసరు మందులు, పొడులు కూడా అంతే. విచిత్రం ఏమిటంటే, మనం కిడ్నీని చెరిచే నొప్పి గోలీని వదలం. కిడ్నీని కాపాడే బీపీ మాత్రను మాత్రం "కిడ్నీ పోతుంది" అని వదిలేస్తాం!

గ్రీన్ టీ చేయగల మేలు

న్యాయం చెప్పాలంటే గ్రీన్ టీ వలన మన వాళ్ళకు ఒక మేలు తప్పకుండా ఉన్నది. అందులో చక్కెర వేయరు. మన రైతు పొద్దు మునిగేలోగా అయిదు టీలు తాగడం మామూలు. ఒక్కొక్క టీకి రెండు చెంచాల చక్కెర, అంటే పది గ్రాములు. రోజుకు యాభై గ్రాములు. నెలకు కిలోన్నర చక్కెర ఒక్క టీలోనే లోపలికి పోతున్నది. చక్కెర జబ్బు ఉన్న మనిషి ఆ అయిదు టీలు మానుకొని చప్పని గ్రీన్ టీ రెండు గ్లాసులు తాగితే రక్తంలో చక్కెరకు మంచిదే. అయితే ఆ మేలు పచ్చ ఆకుది కాదు, మానుకున్న చక్కెరది. చక్కెర లేకుండా మామూలు టీ తాగినా, మజ్జిగ తాగినా ఆ మేలు వస్తుంది.

కొందరు గ్రీన్ టీ వగరుగా ఉందని రెండు చెంచాల తేనె కలుపుకుంటున్నారు. ఇంకొందరు బెల్లం వేస్తున్నారు. తేనె అయినా, బెల్లం అయినా రక్తంలోకి పోయాక చక్కెరే. పేరు మారితే ఫలం మారదు.

ఇంకొక రెండు సంగతులు తెలిసి ఉండాలి. టీ ఏదైనా అన్నంతో పాటు తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కిడ్నీ జబ్బు ముదిరినవారికి రక్తహీనత ఎలాగూ ఉంటుంది. కాబట్టి తిన్న తరువాత గంట అయినా ఆగి తాగడం మంచిది. ఇక డయాలసిస్ చేయించుకునేవారికి రోజుకు ఇంత నీరే తాగాలని డాక్టరు కొలత పెడతారు. గ్రీన్ టీ కూడా ఆ కొలతలోకే వస్తుంది. "ఇది మందు గదా" అని కొలత దాటి తాగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

తినే ఉప్పు సంగతి కూడా చూసుకోవాలి. రోజుకు అయిదు గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన సీమలో ఊరగాయ, ఊరమిరపకాయ, అప్పడం లేనిదే ముద్ద దిగదు. పొద్దున గ్రీన్ టీ తాగి మధ్యాహ్నం గరిటెడు ఊరగాయ వేసుకుంటే రక్తపోటు ఎక్కడ తగ్గుతుంది?

ఉద్దానం వారికి లేని అవకాశం మనకు ఉన్నది

కిడ్నీ జబ్బు అంటే మన రాష్ట్రంలో అందరికీ మొదట గుర్తుకు వచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడ ఏళ్ళ తరబడి జనం మూత్రపిండాలు పోయి మరణించారు. ఆ జబ్బు చక్కెర లేనివారికి, రక్తపోటు లేనివారికి కూడా వస్తున్నది. నీరా, ఎండా, పురుగుమందులా అని ఎంతమంది పరిశోధించినా ఇదీ కారణమని గట్టిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ ప్రాంతానికి వేరే చోటి నుంచి మంచినీరు తెచ్చే పథకం కూడా పెట్టారు. ఆ ప్రజలు పోరాడి, ఎలుగెత్తి అడిగి సాధించుకున్నారు.

ఉద్దానం రైతుకు తన జబ్బు ఎందుకు వచ్చిందో తెలియదు. బండి ఆత్మకూరు రైతుకు తెలుసు. చక్కెర, రక్తపోటు. ఈ రెండింటినీ కొలవడానికి పరికరం ఉన్నది, తగ్గించడానికి మాత్ర ఉన్నది, ఆరంభంలోనే దెబ్బను పట్టుకోవడానికి మూత్రం పరీక్ష ఉన్నది. కారణం తెలిసిన జబ్బుతో, మందు ఉన్న జబ్బుతో మన వాళ్ళు వారానికి మూడు సార్లు, సారికి నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవలసి రావడం ఎంత విచారకరం! ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద డయాలసిస్ ఉచితమే కావచ్చు. కాని పోయిన కూలి, వెంట పోయిన మనిషి కూలి, బస్సు ఛార్జీ, వదిలేసిన సేద్యం ఏ కార్డు కిందా రావు.

మన దేశంలో చక్కెర జబ్బు ఉన్నవారు పది కోట్లకు పైనే ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో తెలిపింది. నూటికి పదకొండు మందికి పైగా పెద్దలకు ఈ జబ్బు ఉన్నదని, నూటికి ముప్పై అయిదు మందికి రక్తపోటు ఉన్నదని అందులో తేలింది. ఇది పట్నాల జబ్బు, కూర్చొని తినేవారి జబ్బు అనే రోజులు పోయాయి.

అధికారులు చేయవలసినది

ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారికీ రక్తపోటు, చక్కెర చూడాలని జాతీయ కార్యక్రమం ఉన్నది. ఆ మేరకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి చూస్తున్నారు. ఇది మెచ్చుకోదగిన పని. అయితే చక్కెర ఉన్నదని చీటీ రాయడంతోనే చాలా చోట్ల పని ముగుస్తున్నది. ఆ చక్కెర మూత్రపిండాన్ని తాకిందా లేదా అన్నది చూసే ఏర్పాటు పల్లెలో కనిపించడం లేదు.

ఇందుకు కోట్ల ఖర్చు అక్కరలేదు. గర్భిణులకు మూత్రంలో ఆల్బుమిన్ చూసేందుకు ఒక చిన్న కాగితపు పట్టీ వాడతారు. మూత్రంలో ముంచి తీస్తే రంగు మారుతుంది. ఆ పట్టీ ఆరోగ్య ఉపకేంద్రాల స్థాయిలోనే ఉండవలసిన వస్తువు. బిడ్డను మోసే తల్లికి వాడే పట్టీని చక్కెర మోసే తండ్రికి ఎందుకు వాడరాదు? ప్రతి చక్కెర రోగికి ఏడాదికి ఒకసారి ఆ పట్టీ పెట్టి చూస్తే, తమకు తెలియకుండానే ఆల్బుమిన్ పోతున్నవారు ఎంతోమంది బయటపడతారు. ఆ పట్టీకి కొద్దిగా పోయే ఆల్బుమిన్ దొరకదన్నది నిజమే. అందుకని పట్టీలో ఏమీ కనిపించనివారి మూత్రాన్ని సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపి కచ్చితమైన పరీక్ష చేయించాలి. రక్తంలో క్రియాటినిన్ కూడా ఏడాదికి ఒకసారి చూడాలి.

2022 ఏప్రిల్ 4న మనకు ప్రత్యేక జిల్లా వచ్చింది. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. వైద్య విద్యార్థులకు కూడా పల్లెలు చూసే అవసరం ఉన్నది. వారిని సంతజూటూరుకు, పార్నపల్లెకు, పెద్దదేవళాపురానికి, లింగాపురానికి పంపి ఒక్కసారి మండలమంతా చక్కెర రోగుల మూత్రం పరీక్షించి జాబితా తయారు చేస్తే మన మండలంలో ఈ జబ్బు లోతు ఎంతో తేటతెల్లమవుతుంది. ఏటా మార్చి నెల రెండవ గురువారం ప్రపంచ కిడ్నీ దినం. ఆ రోజు నంద్యాలలో ఉపన్యాసాలతో సరిపెట్టక మండల కేంద్రాల్లో పరీక్షా శిబిరాలు పెట్టవచ్చు. కార్తీక సోమవారాల్లో ఓంకారం క్షేత్రానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం వస్తారు. అక్కడ ఒక బల్ల, రక్తపోటు యంత్రం, పట్టీల డబ్బా పెట్టుకొని ఇద్దరు సిబ్బంది కూర్చుంటే ఒక్క పూటలో ఎంతమందిని చూడవచ్చునో అధికారులు ఆలోచించాలి.

మనం చేయవలసినది

అధికారులు చేసేవరకు మనం కూర్చోరాదు. ఇంట్లో చక్కెర జబ్బు ఉన్నవారు ఉంటే ఈ వారంలోనే మూడు ప్రశ్నలు అడగండి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఎప్పుడు చేయించారు? రక్తపోటు 130/80 లోపల ఉన్నదా? డాక్టరు రాసిన మాత్రల్లో ఏదైనా సొంతంగా మానేశారా? మొదటి ప్రశ్నకు "అట్లాంటి పరీక్ష ఉందా?" అని జవాబు వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి అడగండి. అక్కడ లేదంటే ఎక్కడ ఉన్నదో చీటీ రాసి ఇమ్మనండి. అడిగేవారు పదిమంది అయితే పరీక్ష దానంతట అదే ఊరికి వస్తుంది.

ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మా అత్త ఆ నురుగు సంగతి నాతో చెప్పడానికి నెల రోజులు మొహమాటపడింది. మూత్రం సంగతి మాట్లాడడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నురుగు ఆగకుండా కనిపించినా, కాళ్ళు వాచినా, పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బు వచ్చినా ఆలస్యం చేయక చూపించండి. ఇవి ఏవీ లేకపోయినా ఏడాదికి ఒకసారి పరీక్ష తప్పదు.

మా మామ ఇప్పుడు మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాడు. కాళ్ళ వాపు దిగింది. మూడు నెలలకు ఒకసారి నంద్యాలకు పోయి పరీక్ష చేయించుకొని వస్తున్నాడు. క్రియాటినిన్ పోయినసారి చూసినప్పుడు అంతే ఉన్నది, పెరగలేదు. అదే మాకు పండుగ. సాయంత్రం పూట గ్రీన్ టీ మాత్రం మానలేదు. "ఇది కూడా మానమంటావా ఏందబ్బీ?" అని అడిగాడు. "తాగు మామా, తేనె మాత్రం వద్దు. మాత్ర వేసుకున్నాకనే తాగు" అన్నాను. గ్లాసు పక్కన మాత్రల డబ్బా పెట్టే పని మా అత్త చూసుకుంటున్నది.